మీ 'రోజుకు పది ఇంగ్లిష్ పదాలు' శీర్షిక గురించి

సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రిక విద్యా పేజీలో వస్తున్న 'రోజుకు పది ఇంగ్లిష్ పదాలు' శీర్షికను నేను ప్రారంభం నుంచీ చదువుతున్నాను. ఇంగ్లిష్ అధ్యాపకుడిగా ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఆ మూల మీద చూపు పడకుండా పేజీ తిప్పలేను. ఈ శీర్షికకు మీరు అనుకుంటున్నదానికన్నా ఎక్కువ పలుకుబడి ఉంది. దాన్ని కత్తిరించి నోటుబుక్కులో అతికించుకునే పిల్లలను మా కాలనీలోనే నలుగురైదుగురిని చూశాను. మా విశాఖలో ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లకు వెళ్లే బస్సులో ఆ ముక్కలు చేతిలో పెట్టుకుని పెదవులు కదుపుతూ వల్లె వేసేవాళ్లూ కనిపిస్తారు. అంత శ్రద్ధగా చదివేవాళ్లు ఉన్నందువల్లనే, ఆ శీర్షికలో ఒక ఇంగ్లిష్ మాట, దాని పక్కన ఒక గీత, ఆ గీత పక్కన ఒకే ఒక తెలుగు మాట ఇచ్చి ఊరుకునే పద్ధతి మేలుతోపాటు కొంత కీడు కూడా చేస్తోందని మీ దృష్టికి తేవలసి వచ్చింది.

మా అపార్టుమెంటులో పై అంతస్తులో ఉండే అమ్మాయి ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉంది, విదేశాల్లో పై చదువులకు రాసే జీఆర్‌ఈ పరీక్షకు తయారవుతోంది. ఆదివారాల్లో కాసేపు నా దగ్గరికి వస్తుంది. ఈ మధ్య తన నోటుబుక్కు తెచ్చి చూపించింది. ఎర్ర సిరాతో ఇంగ్లిష్ మాట, నీలం సిరాతో తెలుగు అర్థం, పేజీకి ముప్పై చొప్పున వరుసలు. వాటిలో 'అమీలియరేట్ – మెరుగుపరచు' అని ఉన్న వరుస మీద వేలు పెట్టి, "దీన్ని వాడి ఒక వాక్యం చెప్పమ్మా" అన్నాను. క్షణం ఆలోచించి, "ఐ అమీలియరేటెడ్ మై ఫోన్, మాస్టారూ. పాత ఫోన్ ఇచ్చేసి మంచిది కొన్నాను అని" అంది. వ్యాకరణం తప్పు లేదు, నోటుబుక్కులోని అర్థం ప్రకారం చూసినా తప్పు లేదు. అయినా ఇంగ్లిష్ వచ్చినవాళ్లెవరూ అలా అనరు. అప్పటికే బాధాకరంగా ఉన్న పరిస్థితిని కొంత ఓర్చుకోగలిగేలా చేయడానికే ఆ మాట వాడతారు. పేదరికం, కష్టం, జైలులోని దుస్థితి వంటివాటి పక్కన అది ఇముడుతుంది. బాగున్నదాన్ని ఇంకా బాగుచేయడానికి అది పనికిరాదు. హుద్‌హుద్ తుఫాను తర్వాత కరెంటూ నీళ్లూ లేని ఆ రోజుల్లో వీధిలోకి వచ్చిన నీళ్ల ట్యాంకరు చేసిన పని ఏదో, అదీ అమీలియరేట్ చేయడమంటే. ఇలా చెప్పగానే ఆ అమ్మాయి 'మెరుగుపరచు' కొట్టేసి, దాని పైన సన్నటి అక్షరాలతో 'ట్యాంకరు' అని రాసుకుంది. ఆ మాట ఇక మరిచిపోదనే నా నమ్మకం.

ఇదే తప్పు నేనూ చేశాను, అదీ అచ్చులో. ఉద్యోగంలో చేరిన మూడో ఏట మా ప్రిన్సిపాల్ గారి పదవీ విరమణ సభకు ఇంగ్లిష్‌లో సన్మాన పత్రం రాసే పని నాకు అప్పగించారు. జేబులో పట్టే పదకోశం ఒకటి ఆ రోజుల్లో నాకు వేదం. అందులో 'అఫీషియస్' అన్న మాటకు 'సేవా తత్పరుడైన' అని కనిపిస్తే, ఆఫీసుకు దగ్గరగా కూడా ఉందని మురిసిపోయి, ఆయనను 'అఫీషియస్ అడ్మినిస్ట్రేటర్' అని కీర్తించాను. ఆ మాటకు ఒకప్పుడు నిజంగానే ఆ మంచి అర్థం ఉండేది. కానీ అది ఎప్పుడో వాడుకలోంచి పోయింది. ఇప్పుడది అడగకుండానే అందరి మీదా పెత్తనం చేసేవాడిని అనే మాట. సభ అయిపోయాక ఆయన నన్ను పక్కకు పిలిచి, "ఏం మాస్టారూ, మీ అందరి పనుల్లో అంతగా వేలు పెట్టానా?" అని నవ్వుతూ అడిగారు. ఆయన పెద్దమనసు వల్ల ఆ సంగతి నలుగురికీ తెలియలేదు గాని, ఫ్రేము కట్టిన ఆ పత్రం వారింటి హాల్లో చాలా ఏళ్లు వేలాడింది. వెళ్లినప్పుడల్లా దానికి వీపు పెట్టి కూర్చునేవాణ్ణి.

జాబితాలతో ఉన్న చిక్కంతా ఇదే. ఒక మాటకు అర్థం ఎంత ముఖ్యమో, అది ఎవరితో తిరుగుతుంది, ఎక్కడికి వెళ్లదు, ఎవరి ముందు మర్యాదగా ఉంటుంది అన్నవి కూడా అంతే ముఖ్యం. తెలుగులో ఇది మనకెవరూ నేర్పనక్కరలేదు. కటిక చీకటి అంటాం, కటిక దరిద్రం అంటాం, కటిక వెలుతురు అనం. ఇంగ్లిష్‌లో 'అబ్జెక్ట్' (abject, మరీ హీనమైన అని; వస్తువు అనే object కాదు) అన్న మాట కూడా ఇలాంటిదే. అది పావర్టీ పక్కన కుదురుగా కూర్చుంటుంది, వెల్త్ పక్కన కూర్చోదు. అలాగే పొదుపరి అని మెచ్చుకోవడానికీ పిసినారి అని తిట్టడానికీ తేడా తెలిసిన పిల్లవాడికి ఫ్రూగల్, మైజర్లీ అన్న రెండు మాటలనూ 'తక్కువ ఖర్చు చేసే' అన్న ఒకే గాటన కట్టి ఇవ్వడం అన్యాయం. వాడికి తెలుగులో ఉన్న వివేకాన్ని మనమే పక్కన పెట్టిస్తున్నాం.

పరీక్షల కోసమైనా జాబితాలు కావాలి కదా అని తల్లిదండ్రులు అడుగుతారు. జీఆర్‌ఈలో వ్యతిరేక పదాలు, పదాల మధ్య పోలికలు విడిగా అడిగే ప్రశ్నలను 2011 ఆగస్టులోనే తీసేశారు. ఇప్పుడు వాక్యంలో ఖాళీలు నింపమంటారు. లేదా ఆరు మాటలిచ్చి, ఏ రెండు పెడితే వాక్యం అర్థం ఒకేలా ఉంటుందో పట్టుకోమంటారు. రెండింటిలోనూ వాక్యం నడక తెలియనివాడికి మూడు వేల మాటలు వచ్చినా ఉపయోగం తక్కువ. విదేశాలకు వెళ్లేవారి ఇంగ్లిష్‌ను పరీక్షించే ఐఈఎల్‌టీఎస్‌లో రాత పరీక్షలోనూ మాట్లాడే పరీక్షలోనూ పదసంపదకు నాలుగో వంతు మార్కులుంటాయి. అక్కడ చూసేది కూడా అరుదైన మాటను ఎక్కడ పడితే అక్కడ దూర్చారా అని కాదు, సందర్భానికీ, దానితో కలిసి నడిచే జతపదాలకూ తగినట్లు వాడారా అని. ఇంత మారినా నగరంలోని ఒక కోచింగ్ సెంటరు ఆ పై అంతస్తు అమ్మాయికి అమ్మిన పుస్తకం మాత్రం వ్యతిరేక పదాల పట్టికలతోనే నిండి ఉంది. ముఖచిత్రం కొత్తది, లోపలి సరుకు పాతది.

అసలు ఏ మాటలు ముందు నేర్చుకోవాలన్న దాని మీద చాలాకాలంగా పని జరుగుతోంది. బెంగాల్‌లో విద్యాశాఖలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1953లో దాదాపు రెండు వేల మాటలతో ఒక సాధారణ పదాల జాబితా ప్రకటించాడు. 2000లో న్యూజీలాండ్‌కు చెందిన అవెరిల్ కాక్స్‌హెడ్, విశ్వవిద్యాలయ స్థాయి పుస్తకాల్లో తరచు కనిపించే 570 పదకుటుంబాలను (ఒకే మాట నుంచి వచ్చే రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం) వేరుచేసింది. వెస్ట్ జాబితాలో లేని ఈ మాటలే అటువంటి పుస్తకాల్లో ఇంచుమించు పదో వంతు ఆక్రమిస్తాయి. వాటిలో ఉన్నవి అసెస్, డిరైవ్, కాన్‌స్టిట్యూట్, ఇంటర్‌ప్రెట్ వంటి మాటలు. చూడడానికి గొప్పగా ఉండవు కాబట్టి ఏ శీర్షికలోనూ వాటికి చోటు దొరకదు. కానీ 'పర్‌స్పికేషస్' (సూక్ష్మంగా గ్రహించగల అని) వంటి బరువైన మాట తెలిసి 'డిరైవ్' సరిగా వాడలేని విద్యార్థి, ఇంట్లో బియ్యం లేకుండా జీడిపప్పు కొన్నవాడితో సమానం. అదే న్యూజీలాండ్‌లోని పాల్ నేషన్ 2006లో వేసిన లెక్క ప్రకారం, నవలలూ వార్తాపత్రికలూ ఎవరి సాయమూ లేకుండా చదువుకోవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాలు కావాలి. ఆ లెక్కకు ఆయన పెట్టుకున్న కొలత, వంద మాటల్లో తొంభై ఎనిమిది తెలిసి ఉండడం. అంటే యాభైకి ఒకటి మాత్రమే కొత్తది కావాలి. మన పిల్లలకు మనం ఇచ్చే పుస్తకాల్లో కొత్తవి చాలాసార్లు అంతకన్నా ఎక్కువే ఉంటాయి. తర్వాత వాళ్లకు చదివే అలవాటు లేదని మనమే విసుక్కుంటాం.

మాటలు వెతుక్కుంటూ దూరం పోనక్కరలేదనడానికి మీ పత్రికే సాక్ష్యం. 'బెర్తు' అన్న మాటను చూడండి. రైల్లో పై బెర్తు, కింద బెర్తు అందరికీ తెలుసు. మంత్రివర్గ విస్తరణ వచ్చిందంటే ఎవరికి బెర్తు దక్కుతుందో మీ మొదటి పేజీ చెబుతుంది. జిల్లా పేజీ తిప్పితే పోర్టులో ఫలానా బెర్తుకు బొగ్గు ఓడ వచ్చిందని ఉంటుంది. ఆ మాట పుట్టింది రైలు కోసం కాదు, ఓడ కోసం. ఓడ మరొక ఓడకు తగలకుండా తిరగడానికి కావలసిన ఖాళీని కూడా బెర్త్ అనేవారు. అందుకే ఒకరికి 'వైడ్ బెర్త్' ఇవ్వడమంటే విశాలమైన సీటు ఇవ్వడం కాదు, వాళ్లకు దూరదూరంగా మసలడం. 1933లో తెరుచుకున్న రేవు పక్కన పుట్టి పెరిగిన పిల్లలకు ఈ మాటను ఓడను చూపించి చెప్పగలం. రేవు లేని ఊరివాళ్లకు అంత తేలిక కాదు. 'శాంక్షన్' ఇంకా విచిత్రం. బ్యాంకులో లోను శాంక్షనైతే మిఠాయి పంచుతాం, ఒక దేశం మీద శాంక్షన్లు పెడితే ఆ దేశం విలవిలలాడుతుంది. మంజూరు, ఆంక్ష అన్న రెండు ఎదురుబొదురు అర్థాలు ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. మీ శీర్షిక 'శాంక్షన్ – మంజూరు' అని ఇస్తే సగం మాటే ఇచ్చినట్లు. 'ఓవర్‌సైట్' కూడా అంతే. పర్యవేక్షణా అదే, పర్యవేక్షణ లేక జరిగిన పొరపాటూ అదే.

మనం రోజూ తెలుగులో వాడుకునే ఇంగ్లిష్ మాటలు మరో రకం తిప్పలు పెడతాయి. 'అతను ఫీలయ్యాడు' అంటే మనకు నొచ్చుకున్నాడని అర్థం. ఇంగ్లిష్‌లో ఏమి ఫీలయ్యాడో చెప్పకపోతే వాక్యం గాలిలో వేలాడుతుంది. 'మాకు శనివారం సెంటిమెంటు' అని ఇంగ్లిష్‌వాడితో అంటే, శనివారంతో మీకేం అనుబంధమని అడుగుతాడు. తరగతిలో 'సార్, ఒక డౌటు' అనే పిల్లవాడికి నిజానికి అనుమానమేమీ ఉండదు, అడగవలసిన ప్రశ్న ఉంటుంది. పెద్దవాళ్లు ఎక్స్‌పైర్ అయ్యారని మర్యాదగానే అంటాం. ఇంగ్లిష్‌లో మనుషుల విషయంలో ఆ వాడుక పాతబడింది, ఇప్పుడు మందుసీసాలూ లైసెన్సులూ ఎక్స్‌పైర్ అవుతున్నాయి. పోయారు, కాలం చేశారు, దివంగతులయ్యారు, చచ్చాడు అన్నవాటి మధ్య ఎంత దూరముందో ఎరిగిన జాతికి ఈ సంగతి ఒక్కసారి చెబితే చాలు. ఇవి తెలుగులో తప్పులని నేననడం లేదు. తెలుగులోకి వచ్చాక అవి మన మాటలే, మన అర్థాలే. తిరిగి ఇంగ్లిష్‌లోకి తీసుకువెళ్లేటప్పుడు మాత్రం గుమ్మం దగ్గర ఆగి ఒకసారి చూసుకోవాలి.

తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లకు ఇంగ్లిష్ పదసంపద ఎక్కదన్న మాట తరచు వింటుంటాను. నాకు అనుభవంలో కనిపించింది దీనికి విరుద్ధం. పాతతరం వ్యాకరణం చదివినవారికి ప్రహారం, ఆహారం, సంహారం, విహారం, పరిహారం అని ఒకే ధాతువు, అంటే మాటకు మూలమైన ముక్క, ముందు చేరే ఉపసర్గల వల్ల ఎన్ని రూపాలెత్తుతుందో చెప్పే శ్లోకం గుర్తుండే ఉంటుంది. లాటిన్ నుంచి వచ్చిన ఇంగ్లిష్ మాటల్లో జరిగేది అచ్చంగా ఇదే. చూడడమన్న అర్థం గల 'స్పెక్' నుంచి ఇన్‌స్పెక్ట్, సస్పెక్ట్, స్పెక్టకిల్, ఇంట్రాస్పెక్షన్, కాన్‌స్పిక్యుయస్, సర్కమ్‌స్పెక్ట్ పుట్టాయి. చుట్టూ చూసి అడుగు వేసేవాడు సర్కమ్‌స్పెక్ట్. ఇంకో సంగతి చెబితే మా విద్యార్థులు నమ్మేవారు కాదు. మన 'స్పష్టం'లోని సంస్కృత ధాతువుకూ ఈ లాటిన్ ధాతువుకూ మూలం ఒకటే. 'భరించు'లో ఉన్న ధాతువు, ఇంగ్లిష్ 'బేర్', లాటిన్ నుంచి వచ్చిన ట్రాన్స్‌ఫర్, సఫర్‌లలోని 'ఫర్' ఒకే తల్లి పిల్లలు. అందుకే మోయడమూ ఓర్చుకోవడమూ రెండూ మనకు భరించడమే, వాళ్లకూ 'బేర్' చేయడమే.

ఊళ్లోనే దొరికే పాఠాలు ఇంకా ఉన్నాయి. ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ ముందు నిలబడి ఫొటో దిగనివారు ఉండరు. ఆ 'సబ్' అంటే కింద అని ఒకసారి చెబితే సబ్‌మర్జ్, సబ్‌సైడ్, సబ్‌టెరేనియన్ అన్నవి వరుసగా చేతికి వస్తాయి. 'సైక్లోన్' అన్న మాటను గ్రీకు నుంచి మలిచింది హెన్రీ పిడింగ్టన్. కలకత్తాలో ఉంటూ బంగాళాఖాతం తుఫాన్లను పరిశీలించి, 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో, చుట్ట చుట్టుకున్న పాములా గాలి తిరుగుతుందన్న భావంతో ఆ పేరు పెట్టాడు. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరు 12న ఈ నగరంలో ఉన్నవారికి ఆ పాము చుట్టను వర్ణించి చెప్పనక్కరలేదు. సైకిలు, ఎన్‌సైక్లోపీడియా ఆ చుట్టలోనివే. ఇక ఇంగ్లిష్ నిఘంటువులోని 'బ్యాండికూట్' మన పందికొక్కే. తెలుగు నుంచే వెళ్లింది. ఆస్ట్రేలియాలో దాన్ని సంబంధం లేని మరో జంతువుకు తగిలించారు. విషయానికి ఇది అంత అవసరం కాకపోయినా చెప్పకుండా ఉండలేకపోయాను. ధాతువులను గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో అఫీషియస్ కథలో చెప్పాను కాబట్టి, ధాతువు దారి చూపుతుందే గాని ఇల్లు చేర్చదని గుర్తుంచుకుంటే ఈ పద్ధతి ఎంతో ఉపకరిస్తుంది.

నేర్చిన మాట నిలవడానికి ఏంచేయాలన్నది 1885లోనే జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని తేల్చాడు. అర్థంలేని అక్షరాల గుంపులను కంఠస్థం చేసి, ఎంత వేగంగా మరిచిపోతున్నాడో లెక్క రాసుకున్నాడు. మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో పోయేదే ఎక్కువ. మధ్యలో విరామమిచ్చి మళ్లీ చదివితే నిలిచేది ఎక్కువ. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే రచయిత దీన్ని అట్టపెట్టెల పద్ధతిగా మార్చాడు. దాన్ని నేను ఇంట్లో ఇలా అమలు చేశాను. ప్రతి ఇంట్లోనూ పేరుకుపోయే శుభలేఖలను ముక్కలుగా కోస్తే వెనుకవైపు తెల్లటి గట్టి అట్ట ఉంటుంది. మూడు ఖాళీ మిఠాయి డబ్బాలు తీసుకోవాలి. మొదటి డబ్బాలోని ముక్కలు రోజూ చూడాలి, రెండో దానిలోవి మూడు రోజులకోసారి, మూడోదానిలోవి పదిహేను రోజులకోసారి. జవాబు తట్టిన ముక్క తర్వాతి డబ్బాకు వెళుతుంది, తట్టనిది ఏ డబ్బాలో ఉన్నా మళ్లీ మొదటిదానికి వస్తుంది. ముక్క మీద ఒంటరి మాట రాయకూడదు. ఎక్కడో చదివిన వాక్యాన్ని, ఆ మాట ఉండవలసిన చోట ఖాళీ వదిలి రాయాలి. వెనక ఆ మాటా, దాని జతపదాలూ ఉండాలి. ఒక్క ముక్క తయారుచేయడానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఆ అయిదు నిమిషాల్లోనే సగం మాట వచ్చేస్తుంది. ఫోన్లలో ఇదే పనిచేసే యాప్‌లు ఉన్నాయి, అవీ మంచివే. ఇతరులు తయారుచేసి పెట్టిన వేల కార్డులను దించుకుంటే మాత్రం మళ్లీ జాబితా దగ్గరికే వచ్చినట్లు.

చదవడం గురించి కొత్తగా చెప్పవలసింది లేదు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయం కోచింగ్ సెంటర్ల నడుమనే ఉంది. అక్కడికి వెళ్లే కుర్రవాళ్లలో ఎక్కువమంది తమ మెటీరియల్ తామే తెచ్చుకుని, ఫ్యాను కింద కూర్చుని చదువుకుని వెళ్లిపోతారు. వారానికి ఒక్కటైనా ఇంగ్లిష్ పుస్తకం, తమకు ఇష్టమైన విషయం మీద, కాస్త తేలికదే, అక్కడినుంచి తీసుకోమని నా దగ్గరికి వచ్చేవాళ్లకు చెబుతుంటాను. క్రికెట్ ఇష్టమైతే క్రికెట్, వంట ఇష్టమైతే వంట.

కాబట్టి నా విన్నపం ఇది. రోజుకు పది మాటలు మానేసి రెండే ఇవ్వండి. ఆ రెండిటినీ ఆ రోజు మీ పత్రికలోని వార్తతోనే ముడిపెట్టండి. ఒక్కో మాటకు రెండు సహజమైన వాక్యాలు, దానితో కలిసి నడిచే మాటలు, అది వాడకూడని చోటు ఒకటి చూపండి. తెలుగు సమానార్థకం ఒక్క మాటలో కుదరకపోతే ఒక వాక్యంలో వివరించండి, దానికి చోటు పోయిందని చింతించకండి. శనివారం నాడు కొత్తవేమీ ఇవ్వకుండా ఆ వారంలోవీ, నెల కిందటివీ ఖాళీలతో మళ్లీ అడగండి, జవాబులు ఆదివారం వేయండి. సంఖ్య తగ్గితే పాఠకులు నొచ్చుకుంటారని మీ విద్యా విభాగం వారికి అనిపించవచ్చు. ఒక నెల రోజులు ప్రయత్నించి చూస్తే తెలిసిపోతుంది.

నా దగ్గర శుభలేఖల ముక్కలు రెండు డబ్బాలకు పైగా ఉన్నాయి, అన్నీ వాడి చూసినవే. మీ కార్యాలయం నుంచి ఎవరైనా వస్తే ఇచ్చి పంపుతాను, పని అయ్యాక తిరిగి ఇస్తే చాలు. పై అంతస్తు అమ్మాయికి అవి ఆదివారాల్లో కావాలి కాబట్టి, వచ్చేవారు మిగతా రోజుల్లో సాయంత్రం అయిదు దాటాక రాగలిగితే మంచిది.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఇంగ్లిష్ అధ్యాపకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం.